పెద్ద నంబరు, సన్న తీగ

సూరత్
21 జూన్ 2020

దశరథ మామకు,

నళిని నమస్కారాలు. ఫోనులో నువ్వు "ఎవలు? ఎవలు?" అని నాలుగుసార్లు అడిగి, ఐదోసారి "గట్టిగ మాట్లాడు, సాంచెలు నడుస్తున్నయి" అని పెట్టేస్తున్నావు. సాంచెలు ఆగి మూడు నెలలైంది మామా. నలభై ఏళ్లు ఇక్కడ సూరత్ ఉధ్నాలో ఆ మరమగ్గాల మధ్య నిలబడ్డావు కదా, అవి నీ చెవిలోకి కాపురం మార్చినట్టున్నాయి. అందుకే కాగితం తీశాను. కాగితానికి అరవాల్సిన పని లేదు.

నాలుగు రోజుల పెళ్లికని రెండు జతల బట్టలతో సిరిసిల్ల వెళ్లిన మనిషివి, లాక్‌డౌన్ పుణ్యమా అని ఇప్పటికీ ఆ రెండు జతలే మార్చి మార్చి తొడుగుతున్నావని బుచ్చవ్వత్త చెప్పింది. నీ మిగతా బట్టల కోసమే నిన్న ఉధ్నా వెళ్లాను. మీ గది యజమాని కూడా పిలిచాడు, వానకు అటక కారుతోందట. మామా, మీ గల్లీ చూడలేకపోయాను. నా చిన్నప్పుడు మీ గోడకు ఆనుకుని కూర్చుంటే వీపు దడదడలాడేది. నిన్న అదే గోడకు చెయ్యి ఆనించాను. మామూలు గోడ.

సరే, అసలు సంగతి. అటక మీద, అత్త స్టీలు డ్రమ్ము వెనకాల, రంగు వేయని బట్టలో చుట్టి దారాలతో కట్టిన మూట దొరికింది. విప్పితే గిటార్! పొట్ట పగలలేదు, మెడ వంగలేదు. ఆరు తీగల్లో రెండు లేవు. ఉన్న నాలుగూ ముట్టుకుంటే వేళ్లకు తుప్పు అంటింది.

ఎవరిది మామా ఇది? నీ చేతిలో దీన్ని ఊహించుకుందామని అరగంట ప్రయత్నించాను. బనీను వచ్చింది, చెవి మీద బీడీ వచ్చింది, నడుముకు వేలాడే స్పానరు వచ్చింది. గిటార్ పెట్టడానికి చోటు మిగల్లేదు. మా హిమశ్రీ అయితే, "మమ్మీ, దశరథ తాత తో ఛుపా రుస్తుం నికలే!" అని, ఇంత కళ గుట్టుగా దాచుకున్నావని పొర్లి పొర్లి నవ్వింది.

ఎవరికైనా ఇచ్చేయనా, పారేయనా, ఉంచనా? నాకు తేల్చుకోవడం రాదని నీకు తెలుసు. నువ్వే చెప్పు.

అటక దిగేటప్పుడు మోకాలు కొట్టుకున్న నీ కోడలు,
నళిని

*

సిరిసిల్ల
8 జూలై 2020

కోడలు నళినికి మామ దీవించి రాసేది. ఇక్కడ అందరం మంచిగున్నం, నా చెవి ఒక్కటి తప్ప.

పారేస్తవా? ఖబడ్దార్! అది నాదే. నా తోడబుట్టిన మీ అమ్మకు గూడ తెల్వదు. మా కార్ఖానాల ఫిట్టరు ఒకాయన ఉండె, గోవా మనిషి. ఊరికి పోయేటప్పుడు, "దశరథ్, తేరా కాన్ అచ్ఛా హై, యే తూ రఖ్" అని నా చేతుల పెట్టిండు. నువ్వప్పుడు పలక పట్టుకొని తిరుగుతున్నవు. అవును, నాకు మంచి చెవి ఉండె బిడ్డా. నలభై సాంచెల్ల ఏ సాంచె కీలు అరిగిందో కండ్లు మూసుకొని చెప్పేటోన్ని. ఇప్పుడు మీ అత్త పక్కన కూసొని పిలిస్తే నాకంటే ముందు గల్లీ మొత్తం పలుకుతుంది.

ఎందుకు వాయించేటోన్ని అంటవా? మీ అత్త కొత్తగా సూరత్ వచ్చినప్పుడు సాంచెల చప్పుడుకు భయపడలే. వారానికి ఒక్క రోజు సెలవు వస్తది సూడు, అంతా బందయితది, గా చప్పుడు లేని దినానికి భయపడేది. "ఏమన్న చప్పుడు చెయ్యిండ్రి, పానం పోతున్నట్టున్నది" అనేది. పాట గీట నాకు రాదు. ఉత్త తీగలు ఒకదాని వెనక ఒకటి మీటేది. గంతే. అదే పాట.

కరీంనగర్ డాక్టరు చూసిండు. కుడి చెవి అయిపోయింది, ఎడమది ఏడాదో ఏడాదిన్నరనో అన్నడు. సన్న చప్పుళ్లు ముందుగాల పోతయట, దొడ్డు చప్పుళ్లు చివరికి పోతయట. గది పోయేలోపట ఒక్కసారి ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకోవాలె నళినీ. నవ్వుతవు గాని, నాకు గదే ఉంది మనసుల.

తీగలు నువ్వే ఎక్కియ్యాలె. నేను ఎన్నడు కట్ట కొనలే, తెగినప్పుడల్లా ముక్క చూపించి అసొంటిదే తెచ్చుకున్న. ఇప్పుడు నంబర్లు ఉంటయట గదా. అది పాత కట్టె, ఎక్కువ గుంజుడు ఓర్వది. సన్న తీగలు తీస్కో. అంటే పెద్ద నంబరు తీస్కో. నూలుకెట్లనో దానికీ గట్లనే. నువ్వు మళ్లా ఆలోచించుకుంట కూసోకు.

ఇంకొకటి. లోపట కట్టె ఎట్లున్నదో తెల్వాలంటే, మేము సాంచెకు చేసినట్టు చెయ్యి. ఒక కట్టెపుల్ల తీస్కొని ఒక కొస గిటార్ పొట్ట మీద పెట్టు, ఇంకో కొస చెవి వెనక బొక్కకు, అదే ఎముకకు, ఆనియ్యి. వేలితోని తట్టు. నిండుగ పలికితే మంచిగున్నట్టు, గరగర అంటే పగిలినట్టు.

మీ అత్త చెప్పమంటున్నది: "ఆ డబ్బా వస్తే నేను మా అక్క ఇంటికి పోత." పోదు. నాకు తెల్సు.

నీ చెవిటి మామ,
దశరథ

*

సూరత్
13 సెప్టెంబర్ 2020

ఛుపా రుస్తుం మామకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వలేదు. ఏడాది, ఏడాదిన్నర అని ఎంత తేలిగ్గా రాశావు!

ముందు నీ కట్టెపుల్ల పరీక్ష. ఇంట్లో పుల్ల లేక చెక్క గరిటె తీసుకున్నాను. నేను గరిటె చెవి వెనక పెట్టుకుని, కళ్లు మూసుకుని గిటార్ మీదికి వంగిన సమయానికి మురళీకృష్ణ గదిలోకి వచ్చాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో నా భర్త ఏమీ అడగకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది అదొక్కసారే. కానీ మామా, నిజంగా వినిపించింది! బావిలోకి మాట్లాడితే పలికినట్టు నిండుగా. గరగర లేదు.

తరువాత తీగలు. స్టేషను దగ్గర వాద్యాల దుకాణం షట్టరు సగమే తెరిచారు. బయట సున్నంతో గీసిన వృత్తాల్లో నిలబడాలి. నా వంతు రాగానే దుకాణం కాకా అడిగాడు. "బహెన్, గేజ్ కౌన్సా? దస్, గ్యారహ్, బారహ్, తేరహ్?" గేజ్ అంటే తీగ నంబరట, పది నుంచి పదమూడు దాకా. నేను తెల్లబోయాను. "బ్రాంజ్ యా ఫాస్ఫర్ బ్రాంజ్?" ఒకటి గలగలమంటుందట, రెండోది కాస్త గంభీరంగా ఉంటుందట. చెవి సరిగ్గా వినపడని పెద్దాయనకు ఏది మంచిదని అడిగాను. "బహెన్, మై గిటార్ కా తార్ బేచ్‌తా హూఁ, కాన్ కా నహీ" అన్నాడు, చెవుల తీగలు ఆయన అమ్మడట.

ఇరవై ఏళ్లుగా కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. మనిషి తన ఎంపికలు ఎలా చేసుకుంటాడో బోర్డు మీద గీతలు గీసి చూపిస్తాను. నేను మాత్రం చీరల కొట్లో రెండుసార్లు టీ తాగి ఖాళీ చేతులతో లేచి వచ్చే మనిషిని. వెనక వృత్తాల్లో నలుగురు దగ్గుతున్నారు, దగ్గంటే ఈ రోజుల్లో తెలుసుగా. గంభీరంగా మోగేదే నీకు వినపడుతుందని ఫాస్ఫర్ బ్రాంజ్ అన్నాను. నంబరు దగ్గర నీ మాట గుర్తొచ్చింది, అన్నిటికన్నా పెద్దది పదమూడు. "తేరహ్" అన్నాను. కాకా కళ్లద్దాల పైనుంచి చూశాడు. "తేరహ్? పక్కా?" "పక్కా!" అన్నాను. మామా, నా నలభై నాలుగేళ్ల జీవితంలో ఒక్క క్షణం కూడా సందేహించకుండా కొన్న మొదటి వస్తువు అది. దారంతా గర్వంగా నడిచాను.

హిమశ్రీ ఫోనులో వీడియో పెట్టుకుని, నేను తీగలు బిగించే మేకులు తిప్పుతూ ఎక్కించేసరికి ఒక ఆదివారం అంతా పట్టింది. మోత బ్రహ్మాండం. కానీ నొక్కితే వేళ్లు తెగుతున్నాయి! సన్న తీగ ఇంత కష్టమా? పేపర్లు దిద్దేటప్పుడు ఎడమ చేత్తో కాగితం పట్టుకోలేకపోతున్నాను. రోజూ కాసేపు మీటుతున్నాను, నీకిచ్చే లోపల అది మూగబోకూడదని.

అత్తకు చెప్పు, వాళ్ల అక్క ఇంటికి టికెట్ నేనే తీస్తానని.

చిటికెన వేలికి గుడ్డ పీలిక కట్టుకుని రాస్తున్న,
నళిని

*

సిరిసిల్ల
2 అక్టోబర్ 2020

కోడలా, జీతీ రహో!

తీగలెక్కినయని చదవంగనే బజారు దాక పోయి వచ్చిన. ఎవ్వలకూ చెప్పలే, ఊకెనే నడిచిన.

వేలు తెగుతున్నది అంటే సన్న తీగనే అన్నట్టు. ఇందుల పరేషాన్ ఏంది? దొడ్డు తాడు చేతిని కోస్తదా? సన్న దారం కోస్తది. మా నాయన నన్ను మగ్గం మీద కూసోబెట్టిన కొత్తల వంద నంబరు నూలు పట్టిచ్చిండు, వెంట్రుక లెక్క ఉండె, సర్రున కోసింది. నువ్వు నేత బిడ్డవు, చాకుపీస్ పట్టుకొని పట్టుకొని వేళ్లు మెత్తగైనయి. పది దినాలల్ల కాయలు కాస్తయి. విడవకు.

ఆడ సాంచె నడిపే మన ఊరి పిలగాడు రాజమౌళి డిసెంబర్‌ల సూరత్ నుంచి ఇటు వస్తడట. వాడు జాగ్రత్త మనిషి, గుడ్ల తట్ట తెచ్చినా ఒకటి పగలది. వానికి అప్పజెప్పు. బండ్లు మంచిగ నడిచేదాక నువ్వు ప్రయాణం పెట్టుకోకు.

అప్పుడప్పుడు గిటార్ పొట్టను పక్క నుంచి చూడు, సాంచెల బట్ట చుట్టుకునే దోనె కట్టె వంకర చూసినట్టు ఒక కన్ను మూసి. చాపోలె సమంగ ఉండాలె.

మీ అత్త వాళ్ల అక్క ఇంటికి పోయే మాట ఎత్తుతలేదు ఈ మధ్య.

మామ

*

సూరత్
20 డిసెంబర్ 2020

మామకు,

అందరం క్షేమం. మురళీకృష్ణ ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీకి రోజు విడిచి రోజు వెళ్తున్నాడు. హిమశ్రీ ప్లస్ టూ క్లాసులు మంచం మీద నుంచే వింటోంది, జుట్టు మాత్రం దువ్వుకుంటోంది. రోడ్ల పక్కన పతంగుల దారానికి గులాబీ రంగు గాజుపొడి పట్టించడం మొదలుపెట్టారు. ఈసారి సంక్రాంతికి మేడల మీద గుంపులు వద్దంటున్నారు. చలి బాగానే ఉంది. నీకు పార్సిల్‌లో స్వెట్టరు పంపాను.

రాజమౌళి వచ్చాడు. గిటార్ ఇవ్వలేదు. ఏమీ అనుకోకు. బండిలో జనం తోసుకుంటారు, దానికి సరైన పెట్టె కూడా లేదు. అది కిటికీ పక్కన పడుకుని ఉంది. క్షేమంగానే ఉంది. తరువాత చూద్దాం.

అత్తకు నమస్కారాలు. కాఫీ తగ్గించు.

నళిని

*

సిరిసిల్ల
9 జనవరి 2021

నళినికి,

స్వెట్టరు చేరింది. చేతులు జర పొడుగైనయి, మీ అత్త మడిచి కుట్టింది.

రాజమౌళి ఉత్త చేతులతో దిగిండు. వాన్ని నేనేం అడుగలే, వాడే చెప్పిండు. "అక్క తలుపు సగమే తీసింది మామా. గిటార్ అనంగనే చాయ్ తెస్తనని లోపటికి పోయి, చాయ్ మాత్రమే తెచ్చింది" అన్నడు.

సూడు బిడ్డా. ఒక్కపారి తీగ చేతికి అలవాటయితే విడవబుద్ధి కాదు, నాకు తెల్వదా? నీకు మనసైతే ఉంచుకో. మొహం చాటెయ్యాల్సిన పని లేదు. నాకు ఎట్లాగూ ఎన్ని దినాలు ఇనవడ్తదో. పోయిన వారం కుడి చెవి పక్క పటాకీ పేలితే నేను తల తిప్పలే, అందరు నా దిక్కే చూసిండ్రు. వాయించేటోళ్ల దగ్గర ఉంటేనే దానికి మంచిది. రోషంతోని రాస్తలేను. మనసుతోనే రాస్తున్న.

మీ అత్త ఏమో, "కోడలు గట్ల చేసేది కాదు, ఏదో అయింది" అంటున్నది. ఏమైతది?

కాఫీ తగ్గించలే.

మామ

*

సూరత్
24 జనవరి 2021

బుచ్చవ్వత్తకు,

అత్తా, ఈ కాగితం నీకు ఒక్కదానికే. మామకు చూపించకు.

మామ "ఉంచుకో" అని రాసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఉంచుకోవడానికి ఏముంది? గిటార్ పాడైపోయింది అత్తా. నా చేతుల్లోనే.

నవంబరులో ఆన్‌లైన్ క్లాసు చెబుతున్నాను. వెనక గోడ దగ్గర గిటార్ ఉంది. ఉన్నట్టుండి ఫట్‌మని చప్పుడు. "మేడం, క్యా ఫటా?" అని పిల్లలు అడిగారు. ఏమీ లేదన్నాను. క్లాసయ్యాక చూస్తే, తీగలన్నీ ముడిపడే చెక్క, దాన్ని బ్రిడ్జి అంటారు, గోరు ఊడినట్టు ఒక పక్క లేచిపోయి ఉంది. పొట్ట ఉబ్బింది. మామ ఒక కన్ను మూసి చూడమన్నాడు. రెండు కళ్లూ మూసుకున్నా కనపడేంత ఉబ్బు.

వెంటనే తీగలు వదులు చేశాను. కానీ ఎవరితోనూ చెప్పలేకపోయాను. బాగు చేయించి చెబుదామనుకున్నాను. ఒకరు అతుకుతుంది అన్నారు, ఒకరు పారేయమన్నారు. ఎవరి మాట నమ్మాలో తేల్చుకునేలోపు రాజమౌళి గుమ్మంలో నిలబడ్డాడు. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేకపోయాను. టీ ఇచ్చాను.

ఎందుకు లేచిందో అర్థం కావడం లేదు. మామ చెప్పినట్టే సన్న తీగలు, పదమూడు నంబరు వేశాను. నేనేదో మేకులు ఎక్కువ బిగించి ఉంటాను. ఒక్కసారి సందేహించడం మానేశాను, ఇలా అయింది.

మామకు వినపడే రోజులు కొన్నే మిగిలాయి అత్తా. వాటిలో రెండు నెలలు నేను దాచిపెట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతే నన్ను తినేస్తోంది. మామకు ఎలా చెప్పాలో నువ్వే చెప్పు. ఆయన మీద అరిచే అలవాటు నీకుంది కదా.

నీ కోడలు,
నళిని

*

సిరిసిల్ల
8 ఫిబ్రవరి 2021

మా తెలివిగల్ల కోడలికి,

కాలేజీల పాఠాలు చెప్తవు గదా. మీ అత్తకు అక్షరం ముక్క రాదన్న సంగతి యాది మర్చినవా? నలభై ఏండ్ల సంది ఆమెకు వచ్చిన ప్రతి ఉత్తరం చదివింది నేనే. ఇది గూడ నేనే చదివిన. గట్టిగ చదివిన, నా లెక్కన గట్టిగ. "మామకు చూపించకు" అన్న లైను కాడ మీ అత్త, "అయితే చదవకుండ్రి" అన్నది. "అప్పటికే చదివిన" అన్న. ఇద్దరం పడి పడి నవ్వినం. పక్కింటోళ్లు వచ్చి ఏమైందని అడిగిండ్రు.

ఇగ నవ్వు తర్వాత సంగతి. పదమూడు కాడ ఆగిపోయిన. నాకు అనుమానమొచ్చి నువ్వు పంపిన స్వెట్టరు ఏసుకొని ఇంత చలిల కరీంనగర్ పోయిన. అక్కడ దుకాణంల రెండు కట్టలు విప్పించి పక్క పక్కన పెట్టి చూసిన. పదిది సన్నం, పదమూడుది దొడ్డు! ఓరి నా మొఖం మీద మన్నుబడ!

తప్పు నాది బిడ్డా, నీది రవ్వంత లేదు. నూలుకు నంబరు పెరిగినకొద్ది సన్నమైతది. ఇరవై దొడ్డు, వంద సన్నం. మా నాయన నాకు అ ఆ లకంటే ముందు నేర్పింది గదే. గిటార్ తీగకు ఉల్టా అన్నట్టు. నలభై ఏండ్లు సూరత్‌ల పాలిస్టర్ మీద బతికిన, అక్కడ డెనియర్ లెక్క, అంకె పెరిగితే దొడ్డయితది. గది గూడ నాకు ఎరికే. కని తీగ అనంగనే మా నాయన మగ్గమే నోట్లకొచ్చింది. పైకెల్లి, "వేలు తెగితే సన్నదే" అని తీర్పు గూడ ఇచ్చిన! ఆ పాత కట్టె పాపం, రెండు నెలలు గుంజుడు ఓర్చుకున్నది. నాకంటే ఓపిక ఎక్కువ దానికి.

జీవితంల ఒక్కపారి నువ్వు అనుమానపడకుండ నా మాట ఇన్నవు. ఇగ ఎన్నడు ఇనకు.

ఉధ్నాల కనకయ్య ఉన్నడు, సాంచెలకు కట్టె పని చేసేటోడు. ఇప్పుడు మంచాలు చేస్తుండు. ఆయనకు చూపియ్యి. నా పేరు చెప్పు. నేను రోషంతోని "ఉంచుకో" అన్న గదా, అది ఉత్తదే. నాకు కావాలె. మస్తు కావాలె.

మీ అత్త ఒట్టు పెట్టుకున్నది. ఇగ నుంచి ఆమె ఉత్తరాలు పక్కింటి సుమన చదువుతదట, రాసుడు గూడ ఆ పిల్లతోనేనట. నన్ను నౌకరి కెల్లి తీసేసిండ్రు.

నీ తప్పుడు లెక్కల మామ

*

సూరత్
11 జూలై 2021

కరీంనగర్ దాకా వెళ్లి వచ్చిన మామకు,

ఐదు నెలలకు రాస్తున్నాను. ఏప్రిల్, మే నెలల గురించి కాగితం మీద పెట్టాలని లేదు. మీ వీధిలోనూ అలాగే గడిచాయని విన్నాను. మురళీకృష్ణకు కరోనా వచ్చింది. పదిహేడు రోజులు లోపలి గదిలో ఒక్కడే. దగ్గుతో మాట్లాడలేకపోయేవాడు. తలుపు ఇవతల నేను, నా ఒళ్లో నీ గిటార్, ఒక్క తీగ లేకుండా. అతను లోపలి నుంచి తలుపు తట్టేవాడు, నేను గిటార్ పొట్ట తట్టేదాన్ని. ఉన్నావా అంటే ఉన్నాను అని. ఇప్పుడు బాగున్నాడు, కూరలో ఉప్పు లేదని చెప్పేంత బాగున్నాడు. చప్పుడు లేని రోజుకు అత్త ఎందుకు భయపడేదో నాకు అప్పుడు తెలిసింది.

కనకయ్య గిటార్‌ను మార్చిలోనే బాగు చేశాడు. నీ పేరు చెప్పగానే, "ఆ చెవి మాస్టర్ దా?" అన్నాడు. ఉబ్బిన పొట్ట మీద తడి గుడ్డ, దాని మీద పలక, దాని మీద తన మంచం కోళ్లు పేర్చాడు. బ్రిడ్జి కింద పాత బంక గీకి, కొత్త బంక పెట్టి, నాలుగు బిగింపులు వేశాడు. "మేడం, పది దినాలు దీన్ని ముట్టుకుంటే నాతోని మాట్లాడొద్దు" అన్నాడు. నేను పన్నెండు రోజులు ముట్టుకోలేదు. అయ్యాక ఒక మాట చెప్పాడు. "అతికింది గాని, ముసలి పానం. బరువు పెట్టకుండ్రి."

అందుకని మళ్లీ తీగల దుకాణం. కాకా నన్ను గుర్తుపట్టాడు. "తేరహ్ వాలీ బహెన్!" ఈసారి ఆయన స్టూలు వేశాడు, నేను కూర్చున్నాను. పది నంబరు వేయొచ్చన్నాడు, గుంజుడు తక్కువే కానీ మోత పలచనట. పలచన నీకు వినపడదు. పదకొండు మంచి మోతట, కానీ కనకయ్య బంక ఏమంటుందో. నేను టీ తాగాను. ఇంకో టీ తాగాను. చివరికి కాకా తల గోక్కుని లోపలి నుంచి దుమ్ము పట్టిన కట్ట తెచ్చాడు. ఎవరూ అడగరట. ఒక తీగ కొస విప్పి చూపించాడు. లోపల సన్న ఉక్కు తీగ. దాని మీద పట్టు పోగులు. వాటి మీద వెండి పూత పూసిన రాగి తీగ, చుట్టు మీద చుట్టు.

ఆ కొసను వెలుతురులో పెట్టి చూశాను మామా. "యే తో జరీ హై!" అన్నాను. కాకా కూడా నవ్వాడు, వాళ్ల తాత జరీ పనివాడేనట. పట్టు దారానికి వెండి తీగ చుట్టి బతికిన ఊళ్లో కూర్చుని, నేను ఏడాదిగా దేనికోసం వెతుకుతున్నాను?

గుంజుడు చాలా తక్కువట. మోత మెత్తగా, లోతుగా ఉంటుందట. నాలుగు లావు తీగలకు ఈ చుట్టు ఉంటుంది, సన్నవి రెండూ మామూలు ఉక్కే. నంబరు అడిగి, విప్పించి, వేలితో నలిపి చూసి, పాత తుప్పు ముక్కతో పోల్చి, హిమశ్రీకి ఫోటో పంపి, అప్పుడు కొన్నాను. "పక్కా?" అన్నాడు కాకా. "తెలియదు" అన్నాను. "పర్ లే జాతీ హూఁ." తెలియకుండానే తెచ్చాను.

తీగలు ఇంకా ఎక్కించలేదు. సెప్టెంబరులో వరంగల్ బండికి టికెట్ దొరికింది. గిటార్ ఒళ్లో పెట్టుకుని వస్తాను. నీ ఎదురుగానే ఎక్కిద్దాం. ఎడమ చెవిని అప్పటిదాకా కాపాడుకో, అత్త అరుపులకు ఎక్కువ వాడకు.

మళ్లీ సందేహించడం మొదలుపెట్టిన,
నళిని

*

సిరిసిల్ల
3 అక్టోబర్ 2021

కోడలికి మామ రాసేది.

నువ్వు ఉన్న మూడు దినాలు, "ఒక్కసారి వాయించు మామా" అని పానం తీసినవు. నేను తీగలు ఎక్కిచ్చుడే చూసిన గాని చెయ్యి పెట్టలే. సిగ్గయింది బిడ్డా. సిగ్గు సగం, భయం సగం. ఏం ఇనవడకుంటే నీ మొఖం ఎట్ల చూడాలె?

నువ్వు పోయిన నాలుగో దినం గల్లీల కరెంటు పోయింది. అన్ని సాంచెలు ఒక్కపారే బందయినయి. నాకు చెవుల తెల్వలే, నేల అదురుడు ఆగిపోతే కాళ్లకు తెలిసింది. గప్పుడు తీసిన. నీ గరిటె కథ యాదికొచ్చి నవ్వొచ్చింది. కట్టెపుల్ల ఒక కొస పండ్ల నడుమ పట్టిన, ఇంకో కొస గిటార్ మీద ఆనిచ్చిన. అన్నిటికన్నా దొడ్డు తీగ మీటిన.

వచ్చింది నళినీ. చెవులకు కాదు, దవడల్లకు, ఛాతిలకు. రెండోది మీటిన, వచ్చింది. మూడోది, నాలుగోది. మెత్తగ, కొత్త బట్ట మడత విప్పినట్టు. నీ జరీ తీగలు పనిచేసినయి.

సన్నవి రెండు మీటిన. ఏమీ లేదు. మళ్లా మీటిన. లేదు. ఇవి చచ్చిన తీగలు, నళిని మళ్లా మోసపోయింది అని తిట్టుకుంట తల ఎత్తిన. మీ అత్త దర్వాజల నిలవడ్డది, చేతుల చాట పట్టుకొని. ఏదో అన్నది, నాకు ఇనవడలే. దగ్గరికొచ్చి ఆ సన్న తీగ మీద వేలు పెట్టి, తన చెవి చూపించుకున్నది. మోగుతున్నదట. కూసున్నది. చెయ్యితోని "కొట్టు" అన్నది.

గట్ల కొడుతున్న ఇగ రోజూ. దొడ్డు నాలుగు నేనే ఇంటున్న. సన్న రెండు కొట్టంగనే ఆమె మొఖం దిక్కు చూస్త, ఆడ కనవడ్తది. ఆరు తీగలల్ల నాలుగు నాయి, రెండు ఆమెవి.

ఎడమ చెవి ఎన్ని దినాలుంటదో ఉండని.

దశరథ

*

సిరిసిల్ల
5 అక్టోబర్ 2021

కోడలు నళినికి బుచ్చవ్వత్త చెప్తుంటే పక్కింటి సుమన రాసేది.

ఈ కాగితం మీ మామకు చూపించకు. ఈపారి నిజంగనే చూపించకు.

సన్న తీగలు రెండూ వారం సంది సుతి తప్పినయి. పిల్లి కూతలు కూస్తున్నయి. గాయనకు ఇనవడదు, నా మొఖం చూసి మంచిగున్నదనుకుంటడు. నేను చెప్పలే. మేకులు తిప్పు అంటే ఇగ రోజంత వాటితోనే కూసుంటడు, నా దిక్కు చూడడు.

నువ్వు మల్ల వచ్చినప్పుడు సడి లేకుండ సరిచెయ్యి. అందాక గట్లనే ఉండని. నాకు గట్లనే మంచిగున్నది.